రొటీన్ అంటారు సరే, ఏది రొటీన్?

సినిమా రివ్యూల మీద వచ్చిన ప్రశ్నలన్నీ ఈసారి ఒక్కచోట పెట్టాను. అడిగినవాళ్లు వేరే వేరే అయినా చాలావరకు అందరూ ఒకే మాట దగ్గర ఆగారు, అందుకే ఈ వారం వేరే టాపిక్ జోలికి పోవట్లేదు.

ప్రశ్న: ఏ తెలుగు సినిమా రివ్యూ చూసినా రొటీన్ అనే మాట లేకుండా ఉండట్లేదండి. రొటీన్ కథ, రొటీన్ సీన్లు, రొటీన్ క్లైమాక్స్. అసలు వాళ్ల ఉద్దేశంలో దానర్థం ఏంటి? బాగోలేదనా, పాతదనా? (డిగ్రీ చదువుతున్న ఒక పాఠకురాలు)

జవాబు: మంచి ప్రశ్నమ్మా. ఆ ఒక్క మాటలో కనీసం మూడు నాలుగు వేరే వేరే కంప్లైంట్లు దాక్కుని ఉంటాయి, ఏ కంప్లైంటో రాసినవాళ్లు చెప్పరు, చిక్కంతా అక్కడే వస్తోంది. ఒకరు రొటీన్ అంటే ఇలాంటి కథ ఇంతకుముందే వచ్చిందని, ఇంకొకరు అంటే కథ కొత్తదే గానీ తర్వాతి సీన్ ఏంటో ముందే తెలిసిపోతోందని, ఇంకొకరు అంటే తీసినవాళ్లు మనసు పెట్టలేదని, మరొకరి విషయంలో అయితే ఆ వారం అది నాలుగో సినిమా, బోర్ కొట్టింది, అంతే. ఇవి నాలుగూ నాలుగు వేరే విషయాలు. మొదటిది అసలు తప్పే కాదు. రెండోది ఒక్కోసారి తప్పు, ఒక్కోసారి అదే సినిమా బలం. మూడోది కచ్చితంగా తప్పు. నాలుగోదానికి సినిమాతో సంబంధమే లేదు. మరి చదివే మనకి ఏది అర్థం కావాలి?

ఇంతకుముందు మన పత్రికల్లో మూస సినిమా అనేవాళ్లు, ఫార్ములా సినిమా అనేవాళ్లు, కోపం ఎక్కువైతే పాత చింతకాయ పచ్చడి అనేవాళ్లు. మూస అన్నప్పుడు వేలు తీసినవాళ్ల వైపు చూపిస్తుంది, అచ్చులో పోసి తీశారు అని. ఫార్ములా అన్నప్పుడు ఇక్కడ పాట, ఇక్కడ ఫైట్, ఇక్కడ సెంటిమెంట్ అని లెక్కేసుకుని తీశారు అని. రొటీన్ అనేది అలా కాదు, అది చూసేవాడి అనుభవం గురించిన మాట, నాకు అలవాటైపోయింది అని చెప్పే మాట. కానీ రివ్యూలో మాత్రం అది సినిమాలోనే ఉన్న లోపంలాగా వస్తుంది. తన అలసటని సినిమా ఖాతాలో రాసేయడానికి ఇంత తేలికైన మాట ఇంకోటి లేదు.

ఒక సీన్ తీసుకుందాం. బస్టాప్‌లో హీరోయిన్‌ని ఎవరో అల్లరి పెడతారు, హీరో వచ్చి వాళ్లని కొడతాడు, ఆ గొడవలో ఆమె హీరోనే తప్పుగా అనుకుని చెంప మీద కొడుతుంది, పక్కనున్న పెద్దావిడ "అయ్యో, నిన్ను కాపాడింది ఆ అబ్బాయేనమ్మా" అంటుంది, ఆమె తిరిగి చూసేసరికి అతను ఉండడు. ఎన్ని సినిమాల్లో చూశామో. దీని గురించి రివ్యూలో "హీరో హీరోయిన్ల పరిచయ సన్నివేశం రొటీన్‌గా ఉంది" అని ఒక్క లైన్ ఉంటుంది. నిజమే, కానీ ఆ సీన్ ఎక్కడ చచ్చిపోయింది? ఆ పెద్దావిడ దగ్గర. ఆవిడకి ఆ కథలో ఇంకే పనీ లేదు, మనకి తెలిసిన విషయాన్ని హీరోయిన్‌కి చెప్పడానికే నిలబెట్టారు. ఆవిడని తీసేసి, కొట్టిన రెండు రోజులకో మూడు రోజులకో ఆ అమ్మాయికే నెమ్మదిగా అసలు సంగతి తెలిసేలా చేస్తే, ఈలోపు అతన్ని ఎక్కడైనా చూసి మళ్లీ ఒకసారి కసురుకునేలా చేస్తే, అదే బస్టాప్, అదే చెంపదెబ్బ, కానీ ఇప్పుడు ఆ అమ్మాయికి ఒక మనసు ఉంటుంది, ఒక ఇబ్బంది ఉంటుంది. క్రిటిక్ ఇది రాస్తే చూసేవాళ్లకీ ఉపయోగం, తీసేవాళ్లకీ ఉపయోగం. రొటీన్ అని వదిలేస్తే తీసేవాళ్లు ఏం చేస్తారంటే, నెక్స్ట్ సినిమాలో బస్టాప్ తీసేసి ఎయిర్‌పోర్ట్ పెడతారు, పెద్దావిడ మాత్రం అక్కడే ఉంటుంది.

ప్రశ్న: మా నాన్న శివ సినిమా గురించి ఎప్పుడూ గొప్పగా చెప్తుంటారు. ఈమధ్యే చూశాను, నాకు రొటీన్‌గానే అనిపించింది. కాలేజీ, గ్యాంగ్, రౌడీ, వెనకాల పొలిటీషియన్. ట్రెండ్‌సెట్టర్ అని అందరూ రాస్తారు, నాకే అర్థం కాలేదా? (ఇంజనీరింగ్ చదువుతున్న ఒక పాఠకుడు)

జవాబు: మీకు అలా అనిపించడంలో ఏ తప్పూ లేదు బాబూ, మీరు నిజాయితీగా చెప్పారు. శివ 1989లో వచ్చింది, రామ్‌గోపాల్ వర్మకి అదే మొదటి సినిమా. అది ఆడాక కాలేజీ గొడవలు, స్టూడెంట్ ఎలక్షన్లు, ఊరి రౌడీ మీద తిరగబడే కుర్రాడు అంటూ ఏళ్ల తరబడి సినిమాలు వచ్చాయి. మీరు వాటిని ముందు చూశారు, శివని ఆఖర్న చూశారు. మీ నాన్నగారు మొదట దాన్నే చూశారు. ఇద్దరూ చూసింది ఒకే సినిమా, మారింది వరస మాత్రమే.

ఒక పని చేయండి. 1986, 87, 88లో వచ్చిన పెద్ద హీరోల యాక్షన్ సినిమాలు ఏవైనా రెండు చూసి, ఆ వెంటనే మళ్లీ శివ చూడండి. ముందు విలన్ దగ్గర ఆగండి. రఘువరన్ చేసిన భవాని అరవడు, వికటాట్టహాసం చేయడు, ఒకట్రెండు మాటలు మెల్లగా అని ఊరుకుంటాడు, చుట్టూ ఉన్నవాళ్ల భయం చూస్తే మనకి అర్థమవుతుంది వాడెవడో. తర్వాత కెమెరా చూడండి, మనుషుల వెనకాలే పరిగెడుతున్నా కుదుపు లేకుండా వెళ్తుంది, స్టెడీకామ్ అనే కెమెరా పరికరం వాడిన తొలి తెలుగు సినిమాల్లో అదొకటి. సైకిల్ చైన్ లాగే సీన్ చూడండి, జనానికి దాని తర్వాత జరిగిన కొట్లాట కన్నా ఆ చైన్ లాగడమే ఎక్కువ గుర్తుండిపోయింది, ఎందుకంటే ఇప్పుడు ఏం జరగబోతోందో తెలిసే ఆ క్షణాన్ని డైరెక్టర్ తొందరపడకుండా పట్టుకున్నాడు.

కొత్తగా వచ్చింది బాగుంటే అందరూ దాన్నే తీస్తారు, అందరూ తీస్తే అది రొటీన్ అవుతుంది, ఇది ఎప్పుడూ జరిగేదే. అందుకే ఒక పాత సినిమాని ఇప్పటి కళ్లతో చూసి రొటీన్ అని రాసేసే రీ-రిలీజ్ రివ్యూలు చూస్తే నాకు బాధేస్తుంది. ఆ రోజుకి అది ఏంటి అనేది చెప్పకపోతే ఆ రివ్యూ సగం పనే చేసినట్టు.

ప్రశ్న: క్రిటిక్స్ రొటీన్ మాస్ మసాలా అని తీసిపారేసినవి బ్రహ్మాండంగా ఆడతాయి, కొత్తగా ఉంది అని మెచ్చుకున్నవి రెండో రోజుకే ఖాళీ. వాళ్లకి జనం నాడి తెలియదా? (చాలా ఏళ్లుగా పత్రిక చదువుతున్న ఒక పాఠకుడు)

జవాబు: జనం నాడి చెప్పడం క్రిటిక్ పని కాదండి, అది ట్రేడ్ వాళ్ల పని, వాళ్లకి కూడా ముందే తెలిస్తే ఇండస్ట్రీలో ఇన్ని నష్టాలు రావు కదా. కానీ మీ ప్రశ్నలో ఇంకో విషయం ఉంది, దానికి జవాబు చెప్పాలి. జనానికి తెలిసిన దారి ఇష్టమే. తెలిసిన దారిలో తెలియని చోట ఆగడం ఇంకా ఇష్టం.

బాషా 1995లో వచ్చింది, తమిళంలో తీసి తెలుగులోకి డబ్ చేసిన రజనీకాంత్ సినిమా. సాధువులా బతికే ఆటో డ్రైవర్, ఎవరేమన్నా తల వంచుకుని పోతాడు, ఒక రోజు తిరగబడతాడు, అప్పుడు తెలుస్తుంది అతని గతం వేరు అని. 1999లో సమరసింహారెడ్డి వచ్చింది, అందులో హీరో మామూలు పనివాడిగా ఉంటాడు, గతంలో సీమ నాయకుడు. 2001లో నరసింహనాయుడు, అందులో డాన్స్ మాస్టర్. 2002లో ఇంద్ర, కాశీలో ట్యాక్సీ నడుపుకునే మనిషి. అస్థిపంజరం ఒకటే, నాలుగూ జనం విరగబడి చూశారు. హాల్లో కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు, ఈ మనిషి ఊరికే ఇలా లేడు, ఏదో ఉంది అని. తెలియకపోవడం వల్ల కాదు ఈలలు వేసింది, తెలిసి ఎదురు చూడటం వల్ల. ఆ ఎదురుచూపుని ఎంతసేపు సాగదీయాలి, ఏ అవమానం దగ్గర తెంపాలి అన్నదే ఆ సినిమాల్లో అసలు పనితనం. ఇంటర్వెల్ దగ్గర ఫ్లాష్‌బ్యాక్ ఉంటుంది అని తెలిసినంత మాత్రాన ఆ పనితనం అందరికీ వచ్చేయదు. తర్వాత వచ్చిన ఫ్యాక్షన్ సినిమాలు చాలావరకు ఫ్లాష్‌బ్యాక్ పెట్టాయి, సుమోలు లేపాయి, కానీ హీరో ఎందుకు ఓర్చుకుంటున్నాడో చెప్పలేకపోయాయి. ఓర్పుకి కారణం లేకపోతే తిరగబడినప్పుడు మజా ఎక్కడి నుంచి వస్తుంది? ఇదిగో, క్రిటిక్ ఇక్కడ చెప్పాల్సిన విషయం ఇది. ఫ్లాష్‌బ్యాక్ రొటీన్ అని కాదు.

ఇంకో సంగతి కూడా ఉంది, చెప్పకుండా ఉండలేను. ఈ మాట అందరి మీదా ఒకేలా పడట్లేదు. పెద్ద హీరో సినిమాలో అవే సీన్లు ఉంటే "ఫ్యాన్స్‌కి పండగే" అని రాసేవాళ్లు, కొత్త హీరో సినిమాకి వచ్చేసరికి "రొటీన్ కథతో నిరాశపరిచాడు" అని రాస్తారు. కొలత ఒక్కటే ఉండాలి. పెద్ద సినిమాకి వేరే కొలత పెట్టుకుంటే ఆ విషయం రివ్యూలో బయటికి చెప్పాలి.

ప్రశ్న: నేను షార్ట్ ఫిల్మ్స్ తీస్తాను. ఫీచర్ కథ రాసుకుని కొంతమందికి వినిపించాను. లైన్ చెప్పగానే "రొటీన్‌గా ఉంది తమ్ముడూ" అంటున్నారు. ఎవరూ చెప్పని కథ ఎక్కడ దొరుకుతుంది సార్? (ఒక పాఠకుడు)

జవాబు: ఎక్కడా దొరకదు నాయనా, వెతకడం మానేయండి. జార్జ్ పోల్టీ అనే ఫ్రెంచ్ రచయిత 1895లోనే నాటకాలన్నీ కలిపి చూస్తే తేలేవి 36 సందర్భాలే అని పుస్తకం వేశాడు. 1928లో రష్యాలో వ్లాదిమిర్ ప్రోప్ వాళ్ల జానపద కథలు ఒక వంద దగ్గర పెట్టుకుని విడదీసి చూస్తే, పాత్రలు చేసే 31 పనులే మళ్లీ మళ్లీ ఒకే వరసలో వస్తున్నాయని తేలింది. లెక్క 36 అయినా 31 అయినా పెద్ద తేడా లేదు, రెండు లైన్లలో చెప్తే ప్రతి కథా ఎక్కడో విన్నట్టే ఉంటుంది. లైన్ విని రొటీన్ అనేవాళ్లు కథని కాదు జడ్జ్ చేస్తున్నది, లైన్‌ని.

మన దగ్గర ఈ విషయాన్ని ఎప్పుడో తేల్చేశారు కూడా. తొమ్మిదో శతాబ్దంలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం అనే కావ్యశాస్త్ర గ్రంథంలో, ఇంతకుముందు చూసిన విషయాలే అయినా రసం తగిలితే వసంతంలో చెట్లలాగా కొత్తగా కనిపిస్తాయి అన్నాడు. విశ్వనాథ సత్యనారాయణ గారు రామాయణ కల్పవృక్షం మొదట్లోనే, మళ్లీ రామాయణం ఎందుకయ్యా అని అడిగేవాళ్లకి జవాబు చెప్పుకున్నారు, లోకమంతా తిన్న అన్నమే రోజూ తింటోంది కదా, ఎవరి రుచి వాళ్లది, ఎవరి అనుభూతి వాళ్లది అని. అంత పాత కథ, అందరికీ తెలిసిన కథ. జ్ఞానపీఠ్ వచ్చింది ఆ పుస్తకానికే.

సినిమాలోనే కావాలంటే మాయాబజార్ చూడండి. 1957లో కె.వి.రెడ్డి గారు తీసేనాటికే ఆ కథ నాటకంగా ఊరూరా ఆడింది, 1936లో తెలుగులోనే సినిమాగా వచ్చేసింది. శశిరేఖ పెళ్లి అభిమన్యుడితోనే అవుతుందని హాల్లోకి వచ్చే ముందే అందరికీ తెలుసు. అయినా ఇప్పటికీ చూస్తున్నాం. ఎందుకు? ఘటోత్కచుడు మాయా శశిరేఖగా మారతాడు కదా, అంటే సావిత్రి గారు ఇప్పుడు ఎస్.వి.రంగారావుని లోపల పెట్టుకున్న శశిరేఖగా నటించాలి. నడుస్తూ నడుస్తూ ఒక్కసారి మగవాడి నడక వచ్చేస్తుంది, గుర్తొచ్చి సర్దుకుంటుంది, పాట పాడుతుంటే మధ్యలో ఘంటసాల గొంతు వచ్చేస్తుంది, పెళ్లిపీటల మీద రేలంగి కాలు తొక్కేస్తుంది, మళ్లీ అమాయకంగా ముఖం పెడుతుంది. ఆ కొద్ది నిమిషాల కోసం ఎన్నిసార్లయినా కూర్చోవచ్చు. ఈ కథకి ఎవరైనా లైన్ చెప్పమంటే ఏం చెప్తారు? మేనరికం, అడ్డుపడే పెద్దలు, చివరికి పెళ్లి. ఇంతకన్నా రొటీన్ ఉంటుందా?

కాబట్టి ఈసారి లైన్ చెప్పకండి, ఒక సీన్ చెప్పండి. మీ కథలో మీకు మాత్రమే తెలిసిన మనిషి ఎవరో, ఆ మనిషి ఒక గదిలో ఏం చేస్తాడో చెప్పండి. ఆ సీన్ విన్నాక కూడా రొటీన్ అంటే అప్పుడు కూర్చుని మళ్లీ రాయండి, ఎందుకంటే అప్పుడు వాళ్లన్నది నిజమై ఉండే అవకాశం ఉంది.

ప్రశ్న: ప్రెస్ మీట్లలో ప్రతి డైరెక్టర్ మా సినిమా రొటీన్‌కి భిన్నంగా ఉంటుంది అంటాడు. చూస్తే ఏ తేడా ఉండదు. (ఒక గృహిణి)

జవాబు: రివ్యూల భయం వల్ల వచ్చిన మాట అది. శుక్రవారం ఆ తిట్టు తప్పదని తెలిసి గురువారమే అడ్డం పెట్టుకుంటున్నారు. ఆ మాట పట్టించుకోకండి. హీరో క్యారెక్టర్ ఏం పని చేస్తాడో, కథ ఎక్కడ జరుగుతుందో వివరంగా చెప్పే డైరెక్టర్ ఉంటే అది మాత్రం చెవిన పెట్టండి.

ప్రశ్న: నేను రివ్యూలు రాయడం మొదలుపెట్టాను. రొటీన్ అనే మాట వాడకూడదు అనుకుంటాను, కానీ రాయడం మొదలుపెట్టగానే అదే వచ్చేస్తోంది. ఏం చేయాలి? (ఒక పాఠకురాలు)

జవాబు: ముందు ఒకటి ఒప్పుకుందాం, ఆ మాట ఊరికే రాదు. తెలుగులో ఏడాదికి 200కి పైగా సినిమాలు వస్తాయి, సీజన్‌లో ఒకే శుక్రవారం నాలుగైదు దిగుతాయి. పొద్దున షో చూసి మధ్యాహ్నానికి రివ్యూ పెట్టాలి, అమెరికా ప్రీమియర్ల వల్ల ఇక్కడ తెల్లారేసరికే ఎవరో ఒకరు పెట్టేసి ఉంటారు, మీరు ఇంకా ఇంటర్వెల్‌లో ఉండగానే ఫస్టాఫ్ ఎలా ఉంది అని మెసేజ్‌లు వస్తుంటాయి. అంత తొందరలో బుర్రకి ముందుగా దొరికే మాట అదే, దాన్ని పట్టుకుని ఒక పేరా లాగించేయొచ్చు. కింద రేటింగ్ 2.75 పెడితే పని అయిపోయినట్టే.

అందుకే నేను చెప్పేది మాట మానేయమని కాదు. వచ్చినప్పుడు రాసేయండి, ఆపకండి, మొత్తం అయ్యాక వెనక్కి వచ్చి ఆ మాట ఉన్న ప్రతిచోటా మిమ్మల్ని మీరు అడగండి, నేను ఏ సీన్‌లో, ఏది చూసి, తర్వాత ఏం జరుగుతుందో కనిపెట్టేశాను? జవాబు దొరికితే అది రాయండి. ఉదాహరణకి "సెకండాఫ్ రొటీన్‌గా సాగింది" అని ఉందనుకోండి. వెనక్కి వెళ్లి ఆలోచిస్తే, హీరో తండ్రి మనవడి కోసం బొమ్మ కొని ఇంటికి ఫోన్ చేసి నవ్వుతూ మాట్లాడుతున్నప్పుడే, ఈయన ఇప్పుడు చనిపోతాడు అని మీకు తెలిసిపోయింది. అది రాయండి, ఎందుకు తెలిసిపోయిందో కూడా రాయండి, అంతవరకు గంటన్నర పాటు ఆ తండ్రికి ఒక్క మంచి సీన్ ఇవ్వని సినిమా సడెన్‌గా ఆయన మీద ప్రేమ చూపించింది కాబట్టి. ఇప్పుడు అది ఆ సినిమాకి మాత్రమే చెందిన వాక్యం, ఇంకో సినిమా రివ్యూలో అతికించలేరు. అలా అతికించడానికి కుదిరే వాక్యం మీ రివ్యూలో ఎక్కడున్నా అనుమానించండి.

జవాబు దొరక్కపోతే? అంటే మీకు బోర్ కొట్టింది గానీ ఎందుకో తెలియదు. అలాంటప్పుడు "నాకు మనసు నిలవలేదు" అని ఉన్నదున్నట్టు రాయండి, అది తక్కువేం కాదు. ఆ రోజు అంతకుముందే ఇంకో సినిమా చూసి ఉంటే ఆ సంగతి గుర్తుపెట్టుకుని ఇంకాస్త జాగ్రత్తగా రాయండి, మామూలు ప్రేక్షకులు నెలకి ఒకటో రెండో చూస్తారు, మీకు వందోసారి అనిపించింది వాళ్లకి మూడోసారే.

మెచ్చుకునేటప్పుడు కూడా ఇదే. "రొటీన్‌కి భిన్నంగా ఉంది" అని మీరు రాస్తే అదీ అంతే ఖాళీ మాట. ఏది భిన్నం? కొత్త బ్యాక్‌డ్రాప్ పెట్టినంత మాత్రాన కొత్త సినిమా అయిపోదు, సముద్రంలో తీసినా అడవిలో తీసినా మనుషులు పాతవాళ్లే అయితే పాతదే.

ప్రశ్న: రివ్యూలో రొటీన్ అని ఉంటే సినిమాకి వెళ్లాలా వద్దా? సూటిగా చెప్పండి. (ఒక పాఠకుడు)

జవాబు: ఆ మాట తర్వాత వచ్చే వాక్యం చదవండి. అందులో ఫలానా సీన్, ఫలానా కారణం అని ఉంటే ఆ రివ్యూయర్‌ని నమ్మండి, ఆ కారణం మీకు అడ్డమో కాదో మీరే తేల్చుకోగలరు. ఏ కారణం లేకుండా నేరుగా ప్లస్ పాయింట్లు, మైనస్ పాయింట్లు, టెక్నికల్ విభాగం అని వెళ్లిపోయి ఉంటే ఆ మాట లేనట్టే అనుకోండి. ఇంటిల్లిపాదీ పండక్కి వెళ్లే సినిమా అయితే తెలిసిన కథ మంచిదే కూడా, చిన్నపిల్లలు మధ్యలో బయటికి తీసుకెళ్లమన్నా మీరు తిరిగొచ్చేసరికి కథ ఎక్కడుందో అర్థమవుతుంది.